సిలంగేర్ కాల్పులకు జవాబు చెప్పేదెవరు?

(విశ్వవిద్యాలయ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బస్తర్ పేరెత్తగానే చర్చ మావోయిస్టుల వైపు, భద్రతా బలగాల వైపు మళ్లిపోతుంది. మీరు ఎటువైపు అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. ఆ గోలలో ఎప్పుడూ పక్కకు పోయే ప్రశ్న ఒకటుంది. ఆయుధాల్లేకుండా గుమిగూడిన మనుషుల మీద ప్రభుత్వ తుపాకీ పేలితే ఆ తూటాకు లెక్క ఎవరు చెప్పాలి, ఎవరి ముందు చెప్పాలి? ఈరోజు నేను ఆ ఒక్క ప్రశ్నకే పరిమితమవుతాను.

2021 మే నెల. కరోనా రెండో అల ఉధృతంగా ఉంది. సుక్మా, బీజాపూర్ జిల్లాల సరిహద్దులోని సిలంగేర్‌లో రాత్రికి రాత్రి సీఆర్‌పీఎఫ్ క్యాంపు వెలిసింది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆదివాసులు వేల సంఖ్యలో కదిలి వచ్చారు. మా గ్రామసభను అడగకుండా, మాకు ఒక్క మాట చెప్పకుండా మా నేల మీద క్యాంపు ఎలా పెడతారన్నది వాళ్ల ప్రశ్న. మే 17న కాల్పులు జరిగాయి. ముగ్గురు చనిపోయారు. తొక్కిసలాటలో గాయపడిన ఒక గర్భిణి ఆ తర్వాత చనిపోయింది. గుంపులో మావోయిస్టులు ఉన్నారని, క్యాంపు మీద దాడి జరిగిందని పోలీసులు అన్నారు. మేము అడగడానికి వెళ్లాం, కొట్టడానికి కాదని ఊరివాళ్లు అన్నారు. ప్రభుత్వం మెజిస్టీరియల్ విచారణకు ఆదేశించింది. జనం మాత్రం ఇళ్లకు పోలేదు. ఏడాది దాటినా అక్కడే కూర్చున్నారు.

ఈ తేదీని ఒకసారి గుర్తుపెట్టుకోండి. సరిగ్గా ఎనిమిదేళ్ల ముందు, 2013 మే 17 రాత్రి, బీజాపూర్ జిల్లా ఎడెస్మెట్టలో విత్తనాల పండుగ కోసం చేరిన ఆదివాసుల మీద బలగాలు కాల్పులు జరిపాయి. ఎనిమిది మంది గ్రామస్తులు చనిపోయారు. వాళ్లలో పిల్లలు కూడా ఉన్నారు. ఒక కోబ్రా జవాను కూడా మరణించాడు. అంతకు ముందు ఏడాది, 2012 జూన్ 28 రాత్రి, సార్కేగూడలో 17 మంది చనిపోయారు. రెండుసార్లూ మొదట వచ్చిన వార్త ఎదురుకాల్పులు అనే. రెండింటి మీదా జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్ విచారణ జరిపింది. సార్కేగూడలో చనిపోయినవాళ్లు మావోయిస్టులనడానికి ఆధారం లేదని, గ్రామస్తుల వైపు నుంచి కాల్పులు జరగలేదని కమిషన్ తేల్చింది. ఎడెస్మెట్టలో చనిపోయిన గ్రామస్తులు మావోయిస్టులు కారని, బలగాలు భయాందోళనతో కాల్చి ఉండవచ్చని చెప్పింది.

అంటే బస్తర్‌లో నిజం బయటికి రాలేదని మనం అనలేం. వచ్చింది. హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసిన వ్యక్తి సంతకంతో శాసనసభ దాకా వచ్చింది. సార్కేగూడ నివేదిక రావడానికి ఏడేళ్లు పట్టింది. వచ్చిన తర్వాత ఏం జరిగింది? ఆ 17 మంది మరణానికి ఈ రోజుకీ ఎవరికీ శిక్ష పడలేదు. అసలు సమస్య ఇక్కడుందని నేను అనుకుంటున్నాను. మన దగ్గర విచారణ కమిషన్ శిక్షకు దారి చూపడం లేదు, శిక్ష స్థానంలో తానే కూర్చుంటోంది.

ఇది ఎలా జరుగుతుందో చట్టంలోనే ఉంది. 1952 నాటి విచారణ కమిషన్ల చట్టం ప్రకారం కమిషన్ చెప్పేది సలహా మాత్రమే, తీర్పు కాదు. నివేదిక అందిన ఆరు నెలల్లో, తీసుకున్న చర్యల పత్రంతో కలిపి సభ ముందు పెట్టాలి. ఆ పత్రంలో ఏమీ లేకపోతే అడిగేవాడు లేడు. ఇక రెండో గోడ. చట్టవిరుద్ధ గుంపును చెదరగొట్టే అధికారం పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 129 నుంచి 131 వరకు ఉన్న సెక్షన్లలో ఉండేది. సాయుధ బలగాలు వీలైనంత తక్కువ బలం వాడాలి, వీలైనంత తక్కువ హాని చేయాలి అని అందులోనే రాసి ఉంది. ఆ వెంటనే 132వ సెక్షన్ వస్తుంది. ఈ అధికారం కింద చేసిన పనికి ప్రాసిక్యూషన్ జరగాలంటే ముందు ప్రభుత్వ అనుమతి కావాలి. కొత్త నాగరిక్ సురక్షా సంహితలో ఇవే 148 నుంచి 151 వరకు ఉన్న సెక్షన్లయ్యాయి. నంబర్లు మారాయి, గోడ మారలేదు. తుపాకీ ఇచ్చిన ప్రభుత్వాన్నే ఆ తుపాకీ మీద కేసు పెట్టనిస్తావా అని అడగాలి.

ఇది అంబేడ్కరైట్లకు కొత్త చర్చ కాదు. 1938 నవంబర్ 7న బొంబాయిలో పారిశ్రామిక వివాదాల బిల్లుకు వ్యతిరేకంగా కార్మికులు సమ్మె చేశారు. ఆ సమ్మెకు పిలుపునిచ్చినవాళ్లలో బాబాసాహెబ్, ఆయన ఇండిపెండెంట్ లేబర్ పార్టీ ఉన్నారు. ఆ రోజు పోలీసు కాల్పులు జరిగాయి. ప్రభుత్వం విచారణ కమిటీ వేసింది. ఆ నివేదిక బొంబాయి శాసనసభ ముందుకు వచ్చినప్పుడు ప్రభుత్వాన్ని నిలదీసినవాళ్లలో ఆయన ఒకరు.

అయితే అదే అంబేడ్కర్‌ను మన మీదికే తెచ్చేవాళ్లున్నారు. 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో ఆయన సత్యాగ్రహం, సహాయ నిరాకరణ వంటి పద్ధతులను వదిలేయాలని చెప్పారు కదా, మరి ఈ ధర్నాలేంటి అని అడుగుతారు. ఆ ప్రసంగాన్ని పూర్తిగా చదవాలి. రాజ్యాంగబద్ధమైన దారులు తెరిచి ఉన్నప్పుడు అన్న షరతు అందులో ఉంది. ఆయుధాల్లేకుండా శాంతియుతంగా సమావేశం కావడం 19(1)(బి) ఇచ్చిన హక్కు. ఐదో షెడ్యూల్ ప్రాంతంలో గ్రామసభ మాట అడగడం 1996 నాటి పెసా చట్టం చెప్పినదే. సిలంగేర్ జనం నిలబడింది రాజ్యాంగం తెరిచిన దారిలోనే. ఆ దారిని మూసింది ప్రభుత్వం. సిలంగేర్ పోరాటంలోంచి ముందుకొచ్చిన మూలవాసీ బచావో మంచ్‌ను ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2024 అక్టోబర్‌లో ప్రత్యేక ప్రజా భద్రతా చట్టం కింద నిషేధించింది. క్యాంపులను, అభివృద్ధి పనులను వ్యతిరేకిస్తోందన్నది అందుకు చూపిన కారణాల్లో ఒకటి. వ్యతిరేకించడమే నేరమైతే ఇక శాంతియుతం అన్న మాటకు అర్థమేముంది?

తెలుగువాళ్లం మనం దీన్ని దూరం నుంచి చూసే వీల్లేదు. సల్వాజుడుం కాలంలో ఊళ్లు వదిలి గోదావరి వైపు వచ్చిన గుత్తికోయలు ములుగులో, భద్రాద్రి కొత్తగూడెంలో మన పక్కనే ఉన్నారు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల సభ మీద కాల్పులు జరిగాయి. ప్రభుత్వ లెక్కలో 13 మంది, హక్కుల సంఘాల లెక్కలో అంతకు ఎన్నో రెట్లు. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఏటా ఏప్రిల్ 20న స్తూపం దగ్గరికి పోనివ్వకుండా 144 సెక్షన్ పెట్టారు. కాల్చినవాళ్ల మీద కేసు లేదు, ఏడ్చేవాళ్ల మీద నిషేధం ఉండేది. సిలంగేర్‌లో మనం చూస్తున్నది ఆ పాత అలవాటే.

మరో దారి చూపింది కూడా తెలుగు నేలే. 2009 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఒక సూటి మాట చెప్పింది. పోలీసుల చేతిలో మనిషి చనిపోతే ఎఫ్‌ఐఆర్ నమోదు కావాలి. ఆత్మరక్షణ కోసం కాల్చామన్న మాటను కోర్టులో విచారణ సమయంలో రుజువు చేసుకోవాలి. సుప్రీంకోర్టు స్టేతో అది ఆగింది. 2014లో పీయూసీఎల్ కేసులో సుప్రీంకోర్టు 16 మార్గదర్శకాలు ఇచ్చింది. ఎఫ్‌ఐఆర్, స్వతంత్ర దర్యాప్తు, మెజిస్టీరియల్ విచారణ అందులో ఉన్నాయి.

కాబట్టి మన డిమాండ్ ఇంకో కమిషన్ కాకూడదు. మొదటి కాగితం ఎఫ్‌ఐఆర్ కావాలి. కాల్పులకు ఆదేశం ఎవరిచ్చారు, ఎన్ని తూటాలు వాడారు అన్న రికార్డు బయటపెట్టాలి. ప్రాసిక్యూషన్ అనుమతికి గడువు ఉండాలి, నిరాకరిస్తే కారణం రాతలో ఇవ్వాలి. మెజిస్టీరియల్ నివేదికలు ఆ ఊరి భాషలో గ్రామసభకు అందాలి. చట్టం, సామాజిక శాస్త్రాలు చదువుతున్న మనం చేయగల పని కూడా ఉంది. అగర్వాల్ కమిషన్ నివేదికలను తెలుగులోకి తెద్దాం. గోండి, కోయ మాట్లాడే విద్యార్థులు మన క్యాంపస్‌లలోనే ఉన్నారు. ఆ పని వాళ్ల నాయకత్వంలో చేద్దాం.

చివరిగా ఒక్క మాట. 2026 మార్చి 31 నాటికి మావోయిజాన్ని అంతం చేస్తామని కేంద్ర హోంమంత్రి గడువు పెట్టారు. ఇన్నాళ్లూ నిరాయుధుల మీద పేలిన ప్రతి తూటాకు చూపిన కారణం అదే. ఆ కారణం తొలగిపోయాక కూడా పాత తూటాల లెక్క మిగిలే ఉంటుంది. ఆ లెక్క అడుగుతూ రేపు మళ్లీ ఎవరో ఒక ఊరివాళ్లు రోడ్డు మీద కూర్చుంటారు. వాళ్లను పౌరులుగా చూస్తారా, గుంపుగా చూస్తారా? సిలంగేర్‌కు జవాబు దొరికేదాకా ఈ ప్రశ్న మనల్ని వదలదు.

జై భీమ్.