లోపం చెప్పి వదిలేస్తే చాలదు

పట్టాలు అందుకుంటున్న విద్యార్థులారా, మీలో కొందరు సాఫ్ట్‌వేర్ రాస్తారు, కొందరు వార్తలు రాస్తారు. ఏదో ఒక యాప్‌లో లోపం బయటపడ్డ రోజున మీ ఇద్దరికీ పని పడుతుంది. ఆ రోజు సామాన్యుడికి ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి అన్నదే ఈ నాలుగు మాటలూ.

2017 జనవరి 13న బ్రిటన్‌లోని గార్డియన్ పత్రిక, వాట్సాప్ సందేశాలు చదవడానికి దొడ్డిదారి ఉందని రాసింది. అసలు సంగతి ఇది. మనం పంపిన సందేశం చేరకముందే అవతలి మనిషి ఫోన్ మార్చినా, యాప్ తీసేసి మళ్లీ వేసుకున్నా, సందేశాలకు తాళంలా పనిచేసే ఆయన ఎన్‌క్రిప్షన్ కీ మారిపోతుంది. ఆగిపోయిన సందేశాన్ని వాట్సాప్ కొత్త కీతో దానంతటదే మళ్లీ పంపేస్తుంది. కీ మారిందని మనకు ఆ తర్వాతే తెలుస్తుంది, అదీ సెట్టింగ్స్‌లో హెచ్చరిక పెట్టుకుంటేనే. ఇందులో బలహీనత ఉంది, చర్చించాల్సిందే. కానీ దాన్ని వాడుకోవాలంటే కంపెనీ సర్వరైనా చేతిలో ఉండాలి, ఎదుటివారి నంబరైనా తమ గుప్పిట్లోకి రావాలి. ప్రమాదం కూడా ప్రధానంగా అప్పటికి చేరని సందేశాలకే. చదివినవాళ్లకు ఈ షరతులేవీ గుర్తులేవు, వాట్సాప్‌ను నమ్మకూడదన్న భయం ఒక్కటే మిగిలింది. సామాజిక శాస్త్రవేత్త జైనెప్ తుఫెక్చి రాసిన బహిరంగ లేఖ మీద డెబ్బై మందికి పైగా నిపుణులు సంతకాలు చేశారు. బెదిరిన కార్యకర్తలు, పాత్రికేయులు మామూలు ఎస్ఎంఎస్‌లకు మారుతున్నారన్నది వారి ఆవేదన. ఎస్ఎంఎస్‌ను టెలికాం కంపెనీ చదవగలదు, ప్రభుత్వం అడిగితే ఇవ్వగలదు. అంటే జాగ్రత్తపడదామనుకున్నవాళ్లే పెనం మీంచి పొయ్యిలో పడ్డారు. జూన్‌లో ఆ పత్రికలో పాఠకుల ఫిర్యాదులు చూసే రీడర్స్ ఎడిటర్ పాల్ చాడ్విక్ విచారించి, కథనంలో లోపాలున్నాయని తేల్చారు. ఆ నిజాయితీని మెచ్చుకోవాలి, కానీ అప్పటికి అయిదు నెలలు గడిచిపోయాయి.

గట్టిగా అరవకపోతే పెద్ద కంపెనీలు కదలవు కదా అన్నది మొదటి అభ్యంతరం. నిజమే, చాలాసార్లు కదలవు. అయితే 2019 మేలో ఏం జరిగిందో చూడండి. వాట్సాప్ కాల్ ఎత్తకపోయినా ఫోన్‌లోకి నిఘా సాఫ్ట్‌వేర్ చొరబడే లోపం బయటపడింది. ఇజ్రాయెల్ కంపెనీ ఎన్ఎస్ఓ తయారుచేసిన పెగసస్ అనే ఆ నిఘా సాఫ్ట్‌వేర్‌తో దాదాపు 1,400 మందిని గురిపెట్టారు, వారిలో మన దేశపు పాత్రికేయులూ హక్కుల కార్యకర్తలూ ఉన్నారు. ఇది మొదటిదానికంటే ఎన్నో రెట్లు ఘోరం. దీని గురించి ఎంత గట్టిగా రాసినా తప్పులేదు, ఎందుకంటే వెంటనే యాప్ అప్‌డేట్ చేసుకోండి అన్న ఆచరణయోగ్యమైన మాట ఆ వార్తతోపాటే వెళ్లింది. గొంతు పెంచడం తప్పుకాదు, ఎవరికి ఎంత ప్రమాదమో చెప్పకుండా పెంచడమే తప్పు.

ఇంత వివరం సామాన్యుడికి ఎక్కదన్నది రెండో అభ్యంతరం. దీన్ని నేను ఒప్పుకోను. తుపాను వేళ మూడో నంబరు ప్రమాద హెచ్చరికకూ పదో నంబరుకూ తేడా మన కోస్తాలో వేటకు వెళ్లే ప్రతి మత్స్యకారుడికీ తెలుసు. తీవ్రత ఎంతో, ఏ రేవుకో, వేటకు వెళ్లవచ్చో లేదో ఏళ్ల తరబడి విడమరిచి చెప్పారు కాబట్టి తెలుసు.

విలేఖరులు కాబోయే మిత్రులారా, శీర్షిక ఖాయం చేసేముందు మీ కథనంతో విభేదించగల నిపుణుడికి ఒక్క ఫోన్ చేయండి. ఇంజనీర్లు కాబోయే మిత్రులారా, ఆ ఫోన్ మీకే వస్తే ఎత్తండి, ఇంట్లో అమ్మానాన్నలకు అర్థమయ్యే తెలుగులో జవాబు చెప్పండి.