పాత ట్రాక్టరు ఇంజను: కొలిచిన తరువాతే ఖర్చు

(బోధన్ ప్రాంత పాల సంఘాల సభ్యుల శిక్షణ సమావేశంలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



పాల సంఘం సభలో ట్రాక్టరు ముచ్చట ఏమిటని కొందరికి అనిపించవచ్చు. పచ్చిమేత తెచ్చేది, వరిగడ్డి తోలేది, పెంటను పొలానికి చేర్చేది ఆ ట్రాక్టరే. అది మూలకు పడితే కిరాయి ఖర్చు పెరుగుతుంది. మేత తగ్గితే పాలు తగ్గుతాయి. అంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. ఇంజను చెడిపోయినప్పుడు రైతు చేయి మొదట పోయేది పాడి బర్రె పలుపు మీదికే. బర్రెను అమ్మి ఇంజను చేయించిన ఇండ్లను తనిఖీకి వెళ్ళిన గ్రామాల్లో చూశాను. కొన్ని ఇండ్లలో బర్రె పోయింది, ఇంజనూ బాగుపడలేదు. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

మన ప్రాంతం ట్రాక్టరుకు కొత్త కాదు. 1931లో నిజాంసాగర్ పూర్తయింది. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడింది. కాలువ కింద వరి, చెరకు పెరిగాయి. మొదట ఎడ్లబండ్లు తోలిన చెరకును తరువాత ట్రాక్టరు ట్రాలీలు తోలాయి. 1960లో మద్రాసులో టాఫే కంపెనీ ఏర్పడి మాసే ఫెర్గూసన్ ట్రాక్టర్లు తయారుచేసింది. తరువాత మహీంద్రావారి బి-275 వచ్చింది. 1971లో పింజోర్ నుండి హెచ్.ఎం.టి. జెటర్ వచ్చింది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడి చెరకు తోలకం తగ్గింది గాని, ఆనాటి బండ్లు కొన్ని ఇంకా మన వాకిళ్ళలో ఉన్నాయి. వీటిని పాత ఇనుము కింద తీసివేయనక్కరలేదు. లోపల కంప్యూటరు పని లేదు, అంతా కొలతల పని. కొలత ప్రకారం చేస్తే ఏండ్ల తరబడి సేవ చేస్తాయి.

పాలకు వెన్న శాతం చూడకుండా ధర కట్టడాన్ని మీరు ఒప్పుకుంటారా? ఒప్పుకోరు. మరి ఇంజను దగ్గర మాత్రం శబ్దం విని, పొగ చూసి వేలకు వేలు ఖర్చు పెట్టేస్తున్నాం. నేను చెప్పదలచిన మాట ఒక్కటే: ముందు కొలత, తరువాత ఖర్చు.

ఇంజను విప్పకముందే కొంత తెలుసుకోవచ్చు. నల్లపొగ వస్తే గాలి చాలడం లేదు, లేదా డీజిల్ ఎక్కువ పోతున్నది. మొదట ఎయిర్ క్లీనర్, నాజిళ్ళు చూపించండి. అంతమాత్రానికే ఇంజను దించనక్కరలేదు. నీలిపొగ వస్తే ఇంజను ఆయిల్ కాలుతున్నది. ఆయిల్ పాలలాగ తెల్లబడితే అందులో నీరు కలిసింది. పాలలో నీరు కలిసినా సంఘానికి నష్టమే, ఆయిల్‌లో కలిస్తే బేరింగులకు చేటు. వెంటనే బండి ఆపాలి.

నాజిల్ తీసిన చోట కంప్రెషన్ గేజి బిగించి చూడాలి. తక్కువగా ఉంటే ఆ సిలిండరులో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్ళీ చూడాలి. కంప్రెషన్ పెరిగితే రింగులు, లైనరు అరిగాయి. పెరగకపోతే వాల్వులు గాని, హెడ్ గ్యాస్కెట్ గాని లోపం. చెంచాకు మించి పోయరాదు. దీనికి పట్టేది కొద్ది సమయమే, కాని అనవసరపు ఖర్చును ఆపుతుంది.

విప్పవలసివస్తే కొలతలు రాయించండి. మాసే ఫెర్గూసన్ 35లో వచ్చిన పెర్కిన్స్ ఇంజనును 3.152 అంటారు. మూడు సిలిండర్లు, 152 ఘనపు అంగుళాలు అని అర్థం. సిలిండరు వ్యాసం 3.6 అంగుళాలు, స్ట్రోకు 5 అంగుళాలు. ప్రతి లైనరును పైన, నడుమ, కింద మూడు చోట్ల, నిలువుకు అడ్డానికి రెండు దిక్కుల బోర్ గేజితో కొలవాలి. పై రింగు తిరిగే చోట అరుగుదల ఎక్కువ. అక్కడ రంధ్రం గుండ్రతనం పోయి అండాకారం అవుతుంది.

ఇక్కడే మన రైతు మోసపోయేది. కాలువ కింది గ్రామంలో ఒక సభ్యుడు బర్రెను అమ్మి మూడు సిలిండర్లకు కొత్త రింగులు మాత్రం వేయించాడు. నాలుగు నెలలకే మళ్ళీ నీలిపొగ. రెండవసారి విప్పి కొలిస్తే లైనర్లు అండాకారమని తేలింది. గుండ్రని రింగు అండాకారపు రంధ్రంలో ఎట్లా పట్టుతుంది? లైనర్లు, పిస్టన్లు మార్చక తప్పలేదు. విప్పే కూలి రెండుసార్లు, గ్యాస్కెట్లు రెండుసార్లు. మొదటిసారి కొలిపిస్తే ఒక్క ఖర్చుతో పోయేది.

క్రాంక్‌ను కూడా మైక్రోమీటరుతో చూపించాలి. అది సరిగా ఉంటే మెకానిక్కులు చెప్పే హాఫ్ ఇంజను పని చాలు. అరిగితే గ్రైండింగు చేయించి, అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన పది, ఇరవై, ముప్పై తక్కువ సైజు బేరింగులు వేయాలి. అరిగిన క్రాంక్ మీద కొత్త పిస్టన్లు వేస్తే పైన బలం పెరిగి కింద బేరింగులు త్వరగా పోతాయి. గ్రైండింగు తరువాత క్రాంక్‌లోని ఆయిల్ రంధ్రాలను డీజిల్‌తో కడిగి, గాలి పెట్టి శుభ్రం చేయాలి. అక్కడ మిగిలిన రజను ఒక్క రోజులో కొత్త బేరింగును తినేస్తుంది.

జెటర్ లైనర్ల చుట్టూ నీరు తిరుగుతుంది, కింద రబ్బరు రింగులుంటాయి. ఇంజను విప్పినప్పుడు వాటిని పాతవే ఉంచరాదు. హెడ్ బోల్టులను నడుమ నుండి అంచులకు, మూడు నాలుగు విడతలుగా, టార్క్ రెంచితో బిగించాలి. చేతి అంచనా పనికిరాదు. డీజిల్ పంపును పంపుల వర్క్‌షాపులో బెంచి మీద పరీక్షించాలే గాని, వాకిట్లో స్క్రూలు తిప్పరాదు.

బిగించిన తరువాత వెంటనే బరువు నాగలికి కట్టకండి. స్టార్ట్ అయ్యేముందు ఆయిల్ అన్ని చోట్లకు అందేటట్లు చూడాలి. మొదటి రోజుల్లో తేలిక పనులు చేయించండి. గంటల తరబడి ఖాళీగా తిప్పడం కూడా మంచిది కాదు. కంపెనీ పుస్తకంలో చెప్పిన గంటలకు ఆయిల్, ఫిల్టరు మార్చాలి. వరికోతల దుమ్ములో ఎయిర్ క్లీనర్ గిన్నెను రోజూ చూడాలి. దుమ్ము లోనికి పోనంత కాలం లైనరు నిలుస్తుంది.

ఇక కాగితాల సంగతి. సహకార శాఖ మనిషిని కనుక ఇది చెప్పకుండా దిగలేను. రెండు మూడు చోట్ల అంచనాలు రాతపూర్వకంగా తీసుకోండి. ప్రతి అంచనాలో కొలతలు ఉండాలి. కొలత లేని అంచనాను పక్కన పెట్టండి. తీసిన పాత సామాను తిరిగి అడగండి, రశీదులు దాచండి. బ్లాకు మారితే ఇంజను నంబరు మారుతుంది, దానిని రవాణా శాఖలో నమోదు చేయించాలి. సంఘం నుండి అడ్వాన్సు కావాలంటే ఉపవిధులు అనుమతించిన మేరకే, కమిటీ తీర్మానంతో, పాల బిల్లులో కోతకు సభ్యుని సంతకంతోనే ఇవ్వాలి. కొలతల చీటీని దరఖాస్తుకు జతచేయమని కార్యదర్శులు అడగాలి. బ్లాకు పగిలినా, సామాను దొరకకపోయినా, ఖర్చు బండి విలువను మించినా ఆ పని మానుకోవడమే మేలు. అదీ కొలిచిన తరువాతే తెలుస్తుంది.

బర్రె నెల నెలా పాల బిల్లు తెచ్చే జీవి. దానిని అమ్మాలా వద్దా అన్నది మెకానిక్కు మాట మీద కాదు, చీటీ మీది అంకెలను చూసి నిర్ణయించండి.