మామిడిచెట్టు మీది చీమలు
(డిచ్‌పల్లి సమావేశంలో చేసిన ప్రసంగం)



పసుపు ధర ముచ్చట కోసం వచ్చిన్రు. దానికే వస్తం, ముందు చీమల సంగతి చెప్పనియ్యిన్రి.

మొన్న బాయి కాడ మామిడిచెట్టు మీద ఎర్ర చీమలు గూడు కట్టుడు చూసినం. చాయ తాగుడు మరిచి గంటసేపు నిలబడ్డం. రెండు ఆకుల నడుమ ఒక్క చీమకు అందనంత సందు. ఒకటి ఆకు అంచు పట్టుకున్నది, దాని నడుము ఇంకోటి, దాని నడుము మరొకటి. గొలుసు లెక్క. లాగినకొద్దీ సందు తగ్గుతది. ఆకులు ఆనంగనే ఇంకో చీమ తమ పిల్లపురుగును నోట పట్టుకొచ్చి అటూ ఇటూ ఆడిస్తది. ఆ పురుగు తీసే పట్టుదారంతోనే కుట్టు పడుతది. పెద్ద చీమల కాడ దారం లేదు, పిల్లదే దారం. మేస్త్రీ మాత్రం ఎక్కడా కనపడలే.

చైనాల నిమ్మజాతి తోటల రైతులు 1700 ఏండ్ల కిందనే ఈ గూళ్లు అంగట్ల కొనుక్కొచ్చి చెట్లకు కట్టేటోళ్లు, పురుగులను తింటయని.

అయితే ఒకటి దాచొద్దు. ఆ కొమ్మకే పిండినల్లి ఉన్నది. దాని తీపినీళ్ల కోసం ఇవే చీమలు కాపలా కాస్తయి, దాన్ని తినే మంచి పురుగులను రానియ్యవు. రసం పోయేది మన చెట్టుది. ఎలక్షన్లప్పుడు కండువా ఏసుకొని మనం ఎవరి పిండినల్లికి కాపలా కాసినమో మీకెరికే.

మనకోసం మనం కలిసింది గూడ ఉన్నది. 2019ల నిజామాబాద్ ఎంపీ సీటుకు 185 మంది పోటీ. అండ్ల 178 మంది రైతులే. ఒక్కో యంత్రం మీద 16 పేర్లు పడుతయి, బూతుకు 12 యంత్రాలు పెట్టవలసొచ్చింది. మనోళ్లెవరూ గెలవలే, కాని పసుపు రైతు సంగతి దేశమంత ఎరికైంది. 2025 జనవరిల పసుపు బోర్డు నిజామాబాద్‌ల మొదలైంది.

బోర్డు వచ్చినా యార్డుల మన రాశి మనమే అమ్ముకోవాలె. పోయినేడు ఒకే ఊరోళ్లం, ఒకే రోజు, ఆరుగురం ఆరు ధరలకు అమ్మినం. అండ్ల ఇద్దరం అన్నదమ్ములం. ఇంట్ల ఆడోళ్లు అడిగితే నోరు లేవలే. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరుల మూతపడ్డప్పుడూ గంతే, చెరుకు రైతులం ఎవరి బండి వాళ్లు ఎటో తోలుకున్నం.

అందుకే అడుగుతున్నం. ఈసారి తవ్వకాలకు ముందే పదిండ్లకు ఒక జట్టు. ఉడకబెట్టే బాయిలర్ కిరాయి కలిసి మాట్లాడుదం. కొమ్ము, మండ వేరు చేసి ఒకే తీరు ఎండబెడుదం. తూకాలు ఒక్క నోటుబుక్కుల రాద్దం, లెక్క ఆడోళ్ల చేతిల ఉండాలె. అప్పున్నోళ్లు ఆగలేరు, నిజమే. వాళ్ల రాశి ముందు పోనిద్దం, మిగిలినోళ్లం ఆగుదం.

నోటుబుక్కు ఈడనే బల్ల మీద ఉన్నది. పేరు, ఊరు, ఎన్ని గుంటల పసుపో రాసి పోన్రి.