గ్రంథాలయము గ్రామైక్యమునకు పాఠశాల



ఒక గ్రామమున గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు నిలిచినదనగా, ఇరువదియైదు సంవత్సరములుగా ఎవరో ఒకరు ప్రతిదినము దాని తలుపు తెరచుచున్నారని అర్థము. ఎవరో ఒకరు ఇల్లిల్లు తిరిగి చందా వసూలు చేసిరి. ఎవరో ఒకరు బీరువాలలోని పుస్తకములు దించి, చెదలు దులిపి, తిరిగి సర్దిరి. ఎవరో ఒకరు లెక్క వ్రాసి, సంవత్సరమునకొకమారు పదిమందిలో చదివి వినిపించిరి. నేటి రజతోత్సవము పుస్తకములకు జరుగు ఉత్సవము మాత్రమే కాదు. ఈ పనులను విడువక చేసిన చేతులకు జరుగు ఉత్సవము. రేపు ఆ చేతులు ఎవరివి కావలెనన్నదే ఈ శుభసమయమున మొదట ఆలోచింపదగిన ప్రశ్న. ఆ ఆలోచనకు తెలుగునాటి గ్రంథాలయోద్యమ చరిత్రము మంచి తోడు కాగలదు.

1901వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదు నగరమున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు, రావిచెట్టు రంగారావు మొదలగువారు దానిని నెలకొల్పిరి. 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము స్థాపితమైనది. ఆనాడు నిజాము రాజ్యమున కచేరీ భాష ఉర్దూ. ప్రజలలో అనేకులు తెలుగువారైనను, విద్యాలయములందు వారి భాషకు తగిన స్థానము లేకుండెను. 1921 నవంబరులో హైదరాబాదునందలి వివేకవర్ధినీ నాటకశాలలో సంఘసంస్కార సభ జరిగినది. అందు ఆలంపల్లి వెంకటరామారావు తెలుగున ఉపన్యసింపబోగా సభలో కొందరు గేలిచేసి అడ్డుపడిరి. ఆ అవమానము సహింపలేక తెలుగువారు కొందరు ఆ రాత్రియే కూడి ఆంధ్రజనసంఘమునకు పునాది వేసిరి. మనసు నొచ్చినవారు సాధారణముగా తగవులాడుదురు. లేదా ఇంటికిపోయి ఊరకుందురు. వీరు ఆ రెండును చేయలేదు. మాడపాటి హనుమంతరావు వంటి కార్యదీక్షాపరుల నడిపింపున గ్రంథాలయములను, పఠనమందిరములను, పాఠశాలలను స్థాపించు పనికి పూనుకొనిరి.

ఆ రాజ్యమున బహిరంగసభ జరుపవలెనన్న ముందుగా ప్రభుత్వానుమతి పొందవలసియుండెను. గస్తీ నిషాన్ 53 అను ఆజ్ఞ సభలపై అట్టి కట్టడి విధించినది. అట్టి దినములలో పత్రిక చదువుకొనుటకు పదిమంది చేరెడు గదియే గ్రామస్థులు తమ కష్టసుఖములు కలబోసికొను చోటైనది. 1930లో జోగిపేటయందు సురవరము ప్రతాపరెడ్డి అధ్యక్షతన ప్రథమాంధ్రమహాసభ జరుగునాటికి, తమ మాటను తామే చెప్పుకొనగల కార్యకర్తలు ఊరూరను తయారైయుండిరి. వారిని తయారుచేసిన వానిలో గ్రంథాలయమొకటి.

కోస్తా మండలములందు ఉద్యమము మరియొక విధముగా సాగినది. 1911లో బెజవాడయందు రామమోహన ధర్మపుస్తక భాండాగారము ఏర్పడినది. 1914 ఏప్రిల్ 10వ తేదీన ఆ నగరముననే చిలకమర్తి లక్ష్మీనరసింహము అధ్యక్షతన ఆంధ్రదేశ గ్రంథాలయముల ప్రతినిధులు సమావేశమై, తమకొక సంఘమును నిర్మించుకొనిరి. ఆ సమావేశమునకు వెనుకనుండి పాటుపడినవాడు అయ్యంకి వెంకటరమణయ్య. ఒక్కొక్క ఊరి గ్రంథాలయము ఒంటరిదైనచో త్వరలో వాడిపోవుననియు, ఒకదానికొకటి తోడైనచో నిలుచుననియు ఆయన గ్రహించెను. గ్రంథాలయ సర్వస్వమను పత్రిక, ఊరినుండి ఊరికి సాగిన గ్రంథాలయ యాత్రలు ఆ తోడ్పాటునకు సాధనములైనవి. 1918లో వేటపాలెమునందు యువకుల కృషితో ఆరంభమైన సారస్వత నికేతనమునకు 1929లో గాంధీమహాత్ముడు శంకుస్థాపన చేసెను. పాతపత్రికలను భద్రపరచుటలో అది పేరుగాంచినది. 1935లో పాతూరి నాగభూషణము మొదలగు కార్యకర్తలు గుంటూరు మండలమున కాలువపై నడచు పడవలో పుస్తకములుంచి పడవ గ్రంథాలయమును నడిపిరి. పాఠకుడు రాలేనిచోటికి పుస్తకమే బయలుదేరినది.

ఈ చరిత్రమందు గమనింపదగిన విషయమొకటి కలదు. ఆ కార్యకర్తలు పుస్తకములు పంచిపెట్టుటతో తృప్తిచెందలేదు. ఊరివారిచేత ఒక సంస్థను నడిపింపజేసిరి. చందా ఇచ్చినవానికి రసీదు ఇయ్యవలెను. పుస్తకము తీసికొనినవాని పేరు వ్రాయవలెను. సమావేశమునకు ముందుగా తెలియజేయవలెను. తీర్మానమును పుస్తకమున కెక్కించి సంతకములు చేయింపవలెను. గడువు ముగిసిన కార్యదర్శి దిగిపోయి మరియొకరికి లెక్కలు అప్పగింపవలెను. ఇవి చిన్నపనులవలె కనబడును. కాని రెండు పక్షములుగా చీలిన గ్రామమున ఏ పత్రిక తెప్పింపవలెనను తగవు వచ్చినపుడు, కేకలు వేయక చేతులెత్తి తీర్పుచేసికొనుట, ఓడినవారు అలిగి మానివేయక మరునాడు వచ్చి ఆ పత్రికనే చదువుట సామాన్యమైన విద్య కాదు. చెరువు కట్ట బాగుచేసికొనుటకును, సహకార సంఘము నడుపుకొనుటకును, పంచాయతీ లెక్కలు అడుగుటకును కావలసిన విద్య అదియే. అందువలననే గ్రంథాలయము గ్రామైక్యమునకు పాఠశాల.

అయితే పెద్దల కృషిని పొగడి, లోపములను కప్పిపుచ్చుట వారికి గౌరవము కాదు. దేవాలయ మండపముననో, పెద్దయింటి అరుగుమీదనో వెలసిన గ్రంథాలయములోనికి ఊరివారందరును సమానముగా అడుగుపెట్టలేకపోయిరి. వెలివాడలవారికి, స్త్రీలకు, చందా చెల్లింపలేని కూలివారికి తలుపు తెరచియున్నను గడప ఎత్తుగానే ఉండెను. మరియొక లోపము స్థాపకునిపై అతిగా ఆధారపడుట. ఒకే మనిషి ఉత్సాహముతో వెలిగి, ఆ మనిషి కన్నుమూయగనే మూతపడిన గ్రంథాలయములు తక్కువ కాదు. అందరిని రానియ్యని గ్రంథాలయమునకు, పనిని పదిమందికి పంచని గ్రంథాలయమునకు ఆయుర్దాయము తక్కువ.

స్వాతంత్ర్యానంతరము ప్రభుత్వము ఈ భారమున కొంత తాను వహించినది. ఎస్. ఆర్. రంగనాథన్ కృషి ఫలితముగా 1948లో మద్రాసు పౌరగ్రంథాలయ చట్టము వచ్చినది. 1955లో హైదరాబాదు రాష్ట్రమునకును, 1960లో ఆంధ్రప్రదేశమునకును చట్టములు కలిగినవి. ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయపు పన్ను వసూలుచేసి, జిల్లా గ్రంథాలయ సంస్థల ద్వారా వినియోగించు పద్ధతి ఏర్పడినది. ఇది గొప్ప మేలు. కాని ఆ మేలుతోపాటు ఒక మరపు కూడ వచ్చినది. ప్రభుత్వమే చూచుకొనునను భావము ప్రబలి, చందా పుస్తకము అటకెక్కినది. సర్వసభ్య సమావేశము మరుగునబడినది.

ఇట్టి మరపు ఒక్క గ్రంథాలయమునకే రాలేదు. 1952 అక్టోబరు 2వ తేదీన దేశమున సమాజాభివృద్ధి పథకము ఆరంభమైనది. రోడ్లు, బావులు, పాఠశాలలు నిర్మింపబడినను ప్రజలు వానిని తమవిగా భావించుటలేదన్న ప్రశ్న త్వరలోనే తలయెత్తినది. 1957లో బల్వంతరాయ్ మెహతా సంఘము, ప్రజలెన్నుకొనిన స్థానిక సంస్థలకు అధికారమును, బాధ్యతను ఇచ్చిననే తప్ప ప్రజలలో పూనిక పుట్టదని నివేదించినది. 1959లో పంచాయతీరాజ్యము వచ్చినది. 1992లో చేసిన 73వ రాజ్యాంగ సవరణమున పంచాయతీల కప్పగింపదగిన విషయముల పట్టికలో గ్రంథాలయములును చేర్చబడినవి. కావున గ్రంథాలయమునుగూర్చి గ్రామసభలో ప్రశ్నించుట ఎవరినో యాచించుట కాదు. పన్ను చెల్లించు గృహస్థుని హక్కు. గ్రంథాలయపు పన్ను ఇంటింట వసూలగుచున్నను సకాలమున జిల్లా సంస్థకు చేరుటలేదన్న మొర అనేకచోట్ల వినవచ్చుచున్నది. ఈ యేడు ఎంత వసూలైనది, ఎంత చెల్లింపబడినది అని గ్రామసభలో మర్యాదగా అడిగి, వచ్చిన సమాధానమును వ్రాసియుంచుకొనువారు ఊరికి పదిమంది ఉన్నచో ఆ మొర చాలవరకు తగ్గును.

నేడు సెల్‌ఫోనునందే సమస్తమును దొరకుచుండగా గ్రంథాలయమేల అని యువకులడుగుచున్నారు. వార్త దొరకుట నిజమే. కాని సెల్‌ఫోను ఒక్కొక్కరిని ఒక్కొక్క మూలను కూర్చుండబెట్టును. గ్రంథాలయపు బల్ల నలుగురిని ఒకచోట కూర్చుండబెట్టును. ఉద్యోగ పరీక్షకు చదువు యువతి, పింఛనుకు దరఖాస్తు వ్రాయించుకొన వచ్చిన వృద్ధుడు, పంట తెగులునుగూర్చి పుస్తకము వెదకు రైతు ఒకే నీడన కలియు చోటు ఊరిలో వేరొకటి అరుదు.

రాబోవు ఇరువదియైదేండ్లకు ఈ గ్రామము చేపట్టదగిన పనులు పెద్దవి కావు. కార్యవర్గమున మూడవవంతు సభ్యులు ఏటేట దిగి క్రొత్తవారికి చోటియ్యవలెను. అందు స్త్రీలును, అన్ని పేటలవారును ఉండవలెను. లెక్కలు ఏటికొకమారు రచ్చబండవద్ద బిగ్గరగా చదువబడవలెను. గ్రంథాలయమునకు రాలేనివారి పేటకు వారమునకొకసారి పుస్తకముల పెట్టె పోవలెను. పడవపై పుస్తకములు పోయిన దేశమున పెట్టె నాలుగు వీధులు దాటుట కష్టము కాదు. చదువురానివారికొరకు వారమున ఒక సాయంకాలము చదివి వినిపింపవలెను. ఊరి చెరువు, బడి, వానలు, పంటలనుగూర్చి ఒక పుస్తకమున ఏటేట వ్రాసియుంచవలెను; మనుమల కాలమున దానిని మించిన గ్రంథము ఈ బీరువాలో ఉండబోదు.

ఈ పనులకు ధనముకంటె ఓర్పు ఎక్కువ కావలెను. నేడు వేదికమీద సన్మానము పొందుచున్న పెద్దలకు నిజమైన సన్మానము పూలదండ కాదు. ఈ సభ ముగియకముందే ఒక యువకుడో, యువతియో ముందుకు వచ్చి, రేపటినుండి తాళపుచెవి నాకిండని అడుగుటయే. అట్లడుగువారు తరమునకు ఇద్దరు ముగ్గురున్నచో ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును నిశ్చయముగా చూడగలదు. ఆ నాటికి దీని తలుపు ఇంకను విశాలమై, గడప ఇంకను తగ్గి, ఊరివారందరును దీనిని తమదని పిలుచుకొందురు గాక!