పసిపిల్లలున్న ఇల్లు: లైసెన్సు, లెక్క, సంఘం

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఇంజనీరుని కాబట్టి ఏ కృత్రిమ మేధ గురించో మాట్లాడతానని అనుకొని ఉంటారు. ఇవాళ చెప్పబోయేది పసిపిల్లల్ని చూసుకునే పని గురించి. కాలిఫోర్నియాలో మా ఆవిడ లైసెన్సు తీసుకొని మా ఇంట్లోనే డేకేర్ నడుపుతోంది. మీలో చాలామంది కూతుళ్ళో కోడళ్ళో అమెరికాలో ఉన్నారు. ఇక్కడికి ఎప్పుడొచ్చినా, ఏ పెళ్ళిలో కలిసినా ఎవరో ఒకరు నన్ను పక్కకి పిలిచి, "మా అమ్మాయి కూడా ఇంట్లో పిల్లల్ని చూసుకుందామనుకుంటోందిరా, ఏం చెయ్యాలి?" అని అడుగుతూనే ఉంటారు. అందుకని అందరికీ ఒక్కసారే చెప్పేస్తున్నాను. నేను చెప్పేది కాలిఫోర్నియా సంగతి. అమెరికాలో ఈ చట్టాలు రాష్ట్రానికొక తీరుగా ఉంటాయి, కాబట్టి మీ పిల్లలున్న రాష్ట్రంలో రూల్సు ఏమిటో విడిగా కనుక్కోవాలి.

మొదటి మాట. మన పిల్లల్నీ, ఒక్క కుటుంబం వాళ్ళ పిల్లల్నీ చూసుకోవడానికి అక్కడ లైసెన్సు అక్కర్లేదు. రెండో కుటుంబం పిల్లలు వస్తే మాత్రం కావాలి. "తెలిసినవాళ్ళే కదా, మన తెలుగువాళ్ళే కదా" అని నాలుగిళ్ళ పిల్లల్ని లైసెన్సు లేకుండా పెట్టుకోవడం చట్టవిరుద్ధం. పిల్లకేమైనా జరిగితే ఆ తెలిసినవాళ్ళే కోర్టులో ఎదురుగా నిలబడతారు.

లైసెన్సు ఇచ్చేది రాష్ట్ర సాంఘిక సేవల శాఖ. చిన్న డేకేర్, పెద్ద డేకేర్ అని రెండు రకాలు. చిన్నదానిలో ఒక్కరే చూసుకుంటారు. రెండేళ్ళ లోపు పసివాళ్ళనే తీసుకుంటే నలుగురికి మించకూడదు. అన్ని వయసుల వాళ్ళూ కలిసి ఉంటే ఆరుగురు, వాళ్ళలో పసివాళ్ళు ముగ్గురికి మించకూడదు. బడికి వెళ్ళే ఈడు పిల్లలు ఇద్దరుంటే ఎనిమిది దాకా వెళ్ళవచ్చు, కానీ అప్పుడు పసివాళ్ళు ఇద్దరే. పెద్దదానిలో సహాయకురాలు ఉండాలి, గరిష్ఠంగా పద్నాలుగు మంది. ఇంట్లో మన సొంత పిల్లలు పదేళ్ళ లోపు వాళ్ళుంటే వాళ్ళనూ ఈ లెక్కలోనే కలుపుతారు. ఈ సంగతి చాలామందికి తెలియదు.

ఈ అంకెలు ఎందుకంటారా? ఇంట్లో మంటలు వచ్చాయనుకోండి. నడవలేని పసివాళ్ళను ఒక్క మనిషి ఎంతమందిని ఎత్తుకొని బయటికి పరుగెత్తగలదు? పసివాళ్ళ సంఖ్య పెరిగితే మొత్తం సంఖ్య ఎందుకు తగ్గుతుందో అప్పుడు అర్థమవుతుంది. మా వృత్తిలో లిఫ్టు మీద ఇంతమందే ఎక్కాలని రాస్తాం. ఇదీ అలాంటిదే. "ఇంకొక్క పిల్లే కదా, సర్దుకుందాం" అనే మాట ఇక్కడ పనికిరాదు.

రెండో మాట, ఇంటి సంగతి. ఇంట్లో ఉండే పెద్దవాళ్ళందరూ వేలిముద్రలిచ్చి నేర చరిత్ర లేదని తేల్చుకోవాలి. క్షయ పరీక్ష చేయించుకోవాలి. నేను ఉద్యోగానికి వెళ్ళిపోయేవాణ్ణయినా ఆ ఇంట్లోనే ఉంటాను కాబట్టి నేనూ ఇచ్చాను. డేకేర్ నడిపే మనిషి ఆరోగ్య భద్రత శిక్షణ పొందాలి. అందులో పసిపిల్లలకు సీపీఆర్, ప్రథమ చికిత్స ఉంటాయి. వాటిని రెండేళ్ళకోసారి మళ్ళీ నేర్చుకోవాలి. మంటలార్పే సిలిండరు, పొగను పసిగట్టే అలారం, కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి. ఆరునెలలకోసారి పిల్లలతో సహా బయటికి వెళ్ళే అభ్యాసం చేసి, తేదీ రాసిపెట్టాలి. మందులు, ఫినాయిల్ లాంటివి పిల్లలకు అందకుండా పెట్టాలి. తనిఖీకి ముందుగా చెప్పకుండానే వస్తారు.

మన అలవాట్లకు అడ్డుపడేవి కొన్ని ఉన్నాయి, అవి కూడా చెప్పాలి. మన ఊళ్ళో పిల్లల్ని చీర ఉయ్యాలలో వేసి, తలకింద మెత్తటి దిండు పెట్టి, దుప్పటి కప్పి నిద్రపుచ్చుతాం. అక్కడ ఏడాది లోపు పిల్లను వెల్లకిలా, గట్టి పరుపున్న తొట్టెలో, దిండూ దుప్పటీ లేకుండా పడుకోబెట్టాలి. పదిహేను నిమిషాలకోసారి వెళ్ళి ఊపిరి, ఒంటి రంగు చూసి, కాగితం మీద రాయాలి. చక్రాల వాకర్ వాడటం నిషేధం. "మేమంతా అలాగే పెరిగాం కదా" అంటారు అమ్మమ్మలు. పెరిగినవాళ్ళమే ఇక్కడ కూర్చున్నాం. నిద్రలోనే పోయిన పిల్లల లెక్క ఆ రోజుల్లో ఎవరూ రాయలేదు.

ఇంకొకటి, మన కుటుంబాలకే ప్రత్యేకమైనది. హెచ్-4 వీసా మీద ఉన్న అమ్మాయికి పని అనుమతి కార్డు లేకపోతే ఈ వ్యాపారం మొదలుపెట్టకూడదు. చూడటానికి వచ్చిన అమ్మానాన్నలను సహాయకులుగా లెక్కలో చూపించకూడదు. విజిటర్ వీసా పనికి కాదు. వాళ్ళు ఆ ఇంట్లో కొన్ని నెలలు ఉండబోతుంటే ఏం చెయ్యాలో లైసెన్సింగ్ వాళ్ళను ముందే అడగడం మంచిది. అద్దె ఇంటివాళ్ళకు ఒక మంచి కబురు: 2020 జనవరి నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం డేకేర్ వద్దనే హక్కు ఇంటి యజమానికి లేదు. మొదలుపెట్టే ముందు ముప్ఫై రోజుల నోటీసు ఇస్తే చాలు. చిన్న డేకేర్‌లో ఆరుగురిని దాటాలంటే మాత్రం యజమాని సమ్మతి కావాలి.

ఇక అసలు మాటకు వస్తాను. ఈ రూల్సన్నీ కాగితం మీద బాగానే ఉంటాయి. వాటిని పాటించడానికి అయ్యే ఖర్చు ఎవరిది? జ్వరమొచ్చిన పిల్లను ఇంటికి పంపెయ్యాలి, నిజమే. వచ్చిన రోజులకే డబ్బులిస్తామంటే ఆ రోజు కూలి ఆమెకు పోయినట్టే. నడుం నొప్పితో ఉన్నా పిల్లల్ని ఎత్తుకుంటుంది, సెలవు పెడితే ఆదాయం లేదు కాబట్టి. సహాయకురాలిని పెట్టుకోవాలంటే చేతిలో మిగలదు. పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఆరు దాకా మాట్లాడటానికి ఇంకో పెద్ద మనిషి ఉండదు. అలసిన మనిషి, ఒంటరి మనిషి, అప్పులో ఉన్న మనిషి ఎంత మంచిదైనా ఎక్కడో ఒకచోట తప్పిపోతుంది. భద్రతంతా ఒక్క మనిషి ఓపిక మీద నిలబెట్టిన ఏర్పాటును మా ఇంజనీర్లు ఒప్పుకోరు.

అందుకే యూనియన్ అవసరమైంది. వాళ్ళు ఎవరి దగ్గరా ఉద్యోగులు కారు, సొంత వ్యాపారులు. కాబట్టి మామూలు కార్మిక చట్టం కింద సంఘంగా బేరమాడే హక్కు లేదు. అయితే పేద కుటుంబాల పిల్లల ఫీజు రాష్ట్ర ప్రభుత్వమే కడుతుంది, రేటు కూడా అదే నిర్ణయిస్తుంది. రేటు నిర్ణయించేవాళ్ళతో కూర్చుని మాట్లాడే హక్కు కావాలని వాళ్ళు అడిగారు. ఇల్లినాయ్‌లో 2005లోనే ఆ హక్కు వచ్చింది. కాలిఫోర్నియాలో ఇద్దరు గవర్నర్లు తిరస్కరించాక, 2019లో మూడో గవర్నరు సంతకంతో చట్టమైంది. 2020లో ఓటింగు జరిగితే 97 శాతం మంది చైల్డ్ కేర్ ప్రొవైడర్స్ యునైటెడ్ అనే యూనియన్‌కు ఓటేశారు. దాని పరిధిలో నలభై వేల మందికి పైగా ఉన్నారు.

2021లో మొదటి ఒప్పందం కుదిరింది. రేట్లు సగటున 15 శాతం పెరిగాయి, శిక్షణ కోసం 4 కోట్ల డాలర్ల నిధి వచ్చింది. తర్వాత ఆరోగ్య బీమా ఖర్చుకు ఒక నిధి, 2023 ఒప్పందంలో పదవీ విరమణకు 8 కోట్ల డాలర్ల నిధి వచ్చాయి. హాజరు లెక్కన కాక, పిల్ల పేరు నమోదైన గంటల లెక్కన చెల్లించాలన్నది వాళ్ళు గట్టిగా పట్టుబట్టిన విషయం. ఇవన్నీ జీతభత్యాల గొడవలనుకుంటారు గానీ, జ్వరమొచ్చిన పిల్లను నిశ్చింతగా ఇంటికి పంపగలగడం దీనిమీదే ఆధారపడి ఉంది.

ఒక హెచ్చరిక. ప్రభుత్వ సాయం పొందే పిల్లల్ని చూసుకునేవాళ్ళ తరఫునే ఆ యూనియన్ బేరమాడుతుంది. మన సాఫ్ట్‌వేర్ కుటుంబాల పిల్లల్ని మాత్రమే, సొంత ఫీజు మీద తీసుకునేవాళ్ళకు ఈ ఒప్పందం వర్తించదు. మా ఆవిడ సాయం పొందే పిల్లల్ని కూడా తీసుకుంటుంది. యూనియన్ వల్ల ఆమెకు దొరికిన పెద్ద లాభం మెక్సికో నుంచీ, ఫిలిప్పీన్స్ నుంచీ వచ్చిన తోటి ఆడవాళ్ళ పరిచయం. తనిఖీ అధికారి ఏదైనా రాస్తే, బిల్లు ఆలస్యమైతే, ఏం చెయ్యాలో అడగడానికి ఒక మనిషి ఫోనులో ఉంటుంది.

ఇది మనకు కొత్త విషయమేమీ కాదు. 1975లో అక్టోబరు 2న మన దేశంలో ఐసీడీఎస్ మొదలైంది. మన సంఘం లాగే అంగన్‌వాడీకీ యాభై ఏళ్ళు. ఇన్నేళ్ళూ వాళ్ళకిచ్చేదాన్ని జీతమని కాక గౌరవ వేతనమనే అన్నారు. గ్రాట్యుటీకి అర్హులని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో వాళ్ళు సమ్మెకు దిగితే ఎస్మా ప్రయోగించారు. అయినా 42 రోజులు నిలబడ్డారు. అత్యవసర సేవ అని చట్టం ప్రయోగించినప్పుడే ఆ పని ఎంత ముఖ్యమైందో ప్రభుత్వం ఒప్పుకున్నట్టయింది.

కాబట్టి మీ అమ్మాయి ఫోను చేసి డేకేర్ పెడతానంటే, "ఇంత చదువు చదివి ఆయా పనా?" అనకండి. లైసెన్సుకు దరఖాస్తు చేశావా, ఎంతమందిని తీసుకుంటావు, నీకు ఒంట్లో బాగోలేని రోజు ఎవరున్నారు అని అడగండి. మూడో ప్రశ్నకు ఆమె దగ్గర జవాబు లేకపోతే, ఆ ఊళ్ళో ఇదే పని చేస్తున్న నలుగురి దగ్గరికి ముందు వెళ్ళమనండి.