భుజాన సంచి, సంచిలో లక్కపిడత
(మండల సమాఖ్య సర్వసభ్య సమావేశంలో కుట్టు సంఘం సభ్యులు చేసిన ప్రసంగం)



మేము ఐదుగురం వెళ్ళొచ్చాం, ఐదుగురి తరఫునా చెప్తున్నాం. ఏ మాట ఎవరన్నారని మాత్రం అడగకండి, బస్సులో అందరం ఒకేసారి మాట్లాడినవాళ్ళమే.

పోయిన ఏడు అప్పు తీసుకుని కుట్టిన గుమ్మం తోరణాలు, దిండు గలీబులు మేళాలో సగానికి సగం మిగిలిపోయిన సంగతి మీకు తెలుసు. స్టాలుకి జనం రాక కాదు. వచ్చారు, బాగున్నాయన్నారు, సంచిలో చోటు లేదని వెళ్ళిపోయారు. సరుకు ఆగింది గానీ వాయిదా ఆగదు కదా. ఊళ్ళు తిరిగేవాళ్ళు అసలు ఏం కొంటారో మనమే తిరిగి చూద్దాం అనుకున్నాం. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం వచ్చాక పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆధార్ చూపిస్తే సున్నా టికెట్టే. పెట్టుకున్న నియమం ఒకటే. మనిషికి భుజాన ఒక సంచి, తిండికీ కొనే వస్తువులకీ కలిపి వెయ్యి రూపాయలు. రాత్రిళ్ళు చుట్టాలిళ్ళలోనో సత్రంలోనో పడక.

ముందు కొండపల్లి. బెజవాడ పక్కనే ఉన్నా మాలో ముగ్గురు అంతవరకూ చూడలేదు. రోడ్డు మీద షాపుల దగ్గర ఆగకుండా బొమ్మల కాలనీలోకి నడిచాం. ఇళ్ళలోనే పని. తెల్ల పొణికి కర్రతో తల, చేతులు, కాళ్ళు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. అంబారీ ఏనుగు మీద మనసు పోయింది గానీ సంచిలో పట్టదు. తాటిచెట్టు ఎక్కే మనిషి బొమ్మ, చిన్నది, ఒక్కటి తీసుకున్నాం.

తర్వాత దారిలో ఒక పొరపాటు చేశాం. బస్సు మారేచోట ఒక కొట్లో 'ఏటికొప్పాక' అని రాసి ఉన్న తాళంచెవి గొలుసులు చవగ్గా కనిపిస్తే తలా ఒకటి కొనేశాం. గంట తిరక్కుండానే చెమటకి చేతులు ఎర్రబడ్డాయి.

ఏటికొప్పాక అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉంది. 2025 రిపబ్లిక్ డే నాడు ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మీద టీవీలో చూసిన బొమ్మలు ఇక్కడివే. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చెట్ల రంగుల్ని మళ్ళీ ఈ పనిలోకి తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. మా గొలుసు చూపిస్తే అక్కడి పనివాడు తిప్పి చూసి, "ఇది మా చెయ్యి కాదమ్మా" అన్నాడు. ఊరికే అనలేదు, కూర్చోబెట్టి పని చూపించాడు. అంకుడు కర్ర లేత్ మిషన్ మీద తిరుగుతుంటే రంగు కలిపిన లక్క ముక్క ఆనిస్తాడు. రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది. బ్రష్షు లేదు, డబ్బా లేదు. పైన మొగలి ఆకు ఒత్తితే అద్దంలా మెరుపు వస్తుంది. రంగులంటారా, పసుపు, జాఫ్రా గింజలు, నీలిమందు, ఇలాంటివే. ఎర్రబడ్డ మా చేతులు కొంగులో దాచుకున్నాం.

ఇప్పుడు చెప్పేది సిగ్గుపడే సంగతి. ఆ ఇంట్లో ఒకావిడ అరవై రూపాయలు చెప్పిన కుంకుమ భరిణెకి మాలో ఒకరు ముప్పై అడిగారు. ఆవిడ కోప్పడలేదు. "మీరేటి పని చేస్తారమ్మా?" అంది. కుట్టు పని అన్నాం. "మీకాడ బేరమాడితే ఏటంటారు?" అంది. మేళాలో మనం ఎన్ని మాటలనుకున్నామో గుర్తొచ్చి నోరు లేవలేదు.

తర్వాత ఆవిడే ఒక బుట్ట తెచ్చి ముందు పెట్టింది. సెట్టులోంచి విడిపోయిన లక్కపిడతలు, రంగు కాస్త తేడా వచ్చిన బొంగరాలు. ఒంటి పిడత ఇరవై. పనిలో లోపం లేదు, జత లేదంతే. డబ్బు తక్కువైతే బేరమాడక్కర్లేదు, విడివి ఉన్నాయా, మిగిలినవి ఉన్నాయా అని అడిగితే చాలు. ఈ ముక్క మాకు ముందే తెలిసుంటే గొలుసుల డబ్బు దక్కేది. భరిణెకి మాత్రం అరవై ఇచ్చే తెచ్చాం.

తిరుగు బస్సులో ఇద్దరు కాలేజీ పిల్లలు పెద్ద సంచులతో ఎక్కారు, అరకు చూసి వస్తున్నారట. మేము ఒళ్ళో పిడతలు పరుచుకుంటే వాళ్ళూ తమవి తీశారు. అన్నీ కలిపి గుప్పిట్లో పడతాయి. "ఇడ్లీతో సరిపెట్టుకుని, ప్రతి ఊళ్ళో ఆ ఊళ్ళోనే చేసింది ఒక్కటి కొంటాం ఆంటీ" అన్నాడు బాబు. ఆ అమ్మాయి కళ్ళు మాత్రం మాలో ఒకరి చిల్లర సంచి మీద పడ్డాయి. పెడన కలంకారీ గుడ్డ, కుట్టగా మిగిలిన జానెడు ముక్క. అచ్చు అచ్చుకీ అతికే చోట వెంట్రుకవాసి తేడా కనిపిస్తుంది, చేత్తో అద్దారని చెప్పాం. "ఎక్కడ కొన్నారు?" అంది. మేమే కుట్టాం అన్నాం. "నాకిస్తారా?" అంది. డెబ్బై రూపాయలిచ్చింది. చిల్లరంతా కొంగున ముడేసుకుని సంచి ఇచ్చేశాం.

గలీబులు కుట్టగా మిగిలిన ఆ ముక్కలు రెండు గోనెల నిండా సమాఖ్య గదిలో మూలన పడి ఉన్నాయి. తుడుపు గుడ్డలకి ఇచ్చేద్దామని పోయిన నెల తీర్మానం రాశాం, అది ఆపమని అడుగుతున్నాం. కొత్త అప్పు వద్దు. ఆ గోనెలు, రెండు మిషన్లు, మూడు నెలల గడువు ఇవ్వండి. ప్రతి సంచికీ మన ఊరి పేరు, కుట్టినావిడ పేరు, గుడ్డ పెడనదన్న సంగతి తెలుగులో రాసిన చీటీ కుడతాం. అమ్మకపోతే ఇదే మైకులో ఒప్పుకుంటాం.

తెచ్చినవన్నీ వెనక బల్ల మీద పెట్టాం, టీ విరామంలో చూడండి. ఎరుపు అంటే గొలుసులు కూడా పక్కనే ఉన్నాయి. రెండింటినీ తడి చేత్తో పట్టుకుని చూడండి. పట్టు చీరల వాళ్ళు జాగ్రత్త.