చూలాలి తలనొప్పి



నేను ముప్పదియైదేండ్లు బడిలో పాఠములు చెప్పి, తీరికవేళల ఊరివారికి తిథివారములు చూచి పెట్టినవాడను, వైద్యుడను గాను. ఐనను ఈ విషయమును గూర్చి మాటలాడుటకు నాకొక కారణము కలదు.

కొన్నియేండ్ల క్రిందట మా వీధిలో నొక తొలిచూలాలికి ఎనిమిదవ నెలలో ముఖమును చేతులును వాచెను. "నీరు పట్టినది, కాన్పు కాగానే అదే దిగును" అనిరి ముసలమ్మలు. పిమ్మట రెండు దినములు విడువని తలనొప్పి, కన్నులయెదుట మిణుగురులు. తండ్రి నాయొద్దకు వచ్చి, "పంతులుగారూ! అమ్మాయిని పట్నపు ఆసుపత్రికి తీసికొనిపోవలెను, ప్రయాణమునకు మంచిదేనా?" యని యడిగెను. పట్నము మాకు తూర్పు. ఆనాడు సోమవారము, తూర్పునకు వారశూల. "రేపు పొండు" అంటిని. ఆ రాత్రియే ఆమెకు మూర్ఛలు వచ్చెను. తల్లి బ్రతికినది, బిడ్డ దక్కలేదు. ఆపదలో నియమములు సడలునని నేనెఱుగుదును. ఆనాడది స్మరణకు రాలేదు.

పిమ్మట వైద్యుల నడిగి తెలిసికొంటిని. ఇరువదవ వారము దాటిన కొందఱు గర్భిణులకు రక్తపుపోటు పెరుగును. 140/90 కు చేరినచో వైద్యుడు చూడవలయును. 160/110 ఐనచో క్షణమైన తడయరాదు. తొలిచూలు, కవలలు, మధుమేహము, మూత్రపిండవ్యాధి కలవారికిని, వెనుకటి కాన్పులో ఈ జబ్బు వచ్చినవారికిని భయమెక్కువ. కాళ్లవాపు పెక్కుమందికి సహజమే. కాని ముఖమును చేతులును హఠాత్తుగా వాచుట, తగ్గని తలనొప్పి, చూపు మసకబారుట, కుడిప్రక్క డొక్కక్రింద నొప్పి, ఇవి ప్రమాదసూచకములు. ఒక్కొక్కప్పుడు ఏ బాధయు తెలియదు. కావుననే ప్రతి పరీక్షలోను పోటు కొలిపింపవలయును, మూత్రము చూపింపవలయును.

మూర్ఛలు వచ్చిన దశను మనవారు గుఱ్ఱపువాతమందురు. అపుడు ఆమెను ఎడమప్రక్కకు పరుండబెట్టుడు. నోట నీరు గాని చెంచా గాని పెట్టకుడు. చేత తాళములుంచి కాలము గడపకుడు. 108 కు ఫోను చేయుడు. ఆసుపత్రిలో మెగ్నీషియం సల్ఫేటను సూదిమందు కలదు. అది మూర్ఛ వచ్చు భయమును సగమునకు పైగా తగ్గించునని 2002లో ప్రకటింపబడిన యొక పెద్ద పరిశోధనలో తేలినది. ఉప్పు మాన్పించుట దీనికి మందు గాదు. కడపటి చికిత్స కాన్పే. కాన్పైన పిమ్మటను మూర్ఛలు రావచ్చును గనుక ఆఱు వారములు జాగ్రత్త వలయును.

పెద్దలారా! ఇంట బండి కట్టుమనుటకైనను, ఆగుమనుటకైనను మన మాటయే చెల్లును. ఇప్పుడెవరైన చూలాలి ప్రయాణమునకై నాయొద్దకు వచ్చినచో పంచాంగము విప్పను. "బయలుదేరిన క్షణమే సుముహూర్తము, పొండు" అందును. మీరును అట్లే యనుడు.